గోడకు ఇవతలి ఏడుపు

ఈ మాట నా లోపల ఎన్నేళ్ళుగానో తిరగలి రాయిలా కూర్చుని ఉంది. దాన్ని మోస్తూనే పిల్లల్ని పెంచాను, మనవళ్ళను ఎత్తుకున్నాను. మా ఆయనకు చెప్పలేదు. ఆయన పోయేటప్పుడు కూడా చెప్పలేదు. నేను చదివింది రెండో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదవండి. చేసిన తప్పును మాత్రం సర్దవద్దు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న కాలం. జమ్మలమడుగులో మా చర్చి గుడి వెనక వరుస ఇళ్ళలో మాదొకటి. మా ఆయన బడిపంతులు. పక్కిల్లు యిస్సాకన్నది. మంచాలు చేసే వడ్రంగి. రెండిళ్ళ నడుమ ఒకటే మట్టిగోడ. మా ఇంట్లో మా అత్త, వాళ్ళింట్లో వాళ్ళమ్మ, ఇద్దరూ పండు ముసలివాళ్ళు.

ఆ ఏడు సంఘపెద్దను ఎన్నుకోవాలి. యిస్సాకన్న పేరూ మా ఆయన పేరూ వచ్చాయి. చేతులెత్తి ఎన్నుకోవడానికి మా పాస్టరు అయ్యగారు ఒప్పుకోలేదు. పెద్దగా ఉండేవాడు ముందు తన ఇంటిని చక్కగా నడుపుకోవాలని, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టేవాడై ఉండాలని బైబిలులో ఉంది గదా, ఆ ప్రకారమే చూస్తానన్నారు. చెప్పకుండా ఇళ్ళకు వస్తానన్నారు.

అన్నం పెట్టే ఇల్లనిపించుకోవాలని నాకు పట్టుకుంది. వానలు లేవు. గంపలో జొన్నలు అడుగంటుతున్నాయి. సంఘపెద్ద ఇంటికి ఎవరెవరో వస్తారు, వాళ్ళకు పెట్టాలి, అందుకు మిగిలించాలి. ఎవరి కడుపులోంచి మిగిలించాను? మా అత్తకు సాయంత్రం సంగటి మాన్పించాను. ముసలి కడుపుకు అరగదని ఆయనతో అన్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేదు. గంప మూత తీసిన ప్రతిసారీ నాకు తెలుసు.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ. ఆయన ఇంకా బడి నుంచి రాలేదు. లోపల మా అత్త ఏడుస్తోంది. వాకిట్లో చెప్పుల చప్పుడైంది. చూస్తే అయ్యగారు.

“ఏమ్మా, ఎవరో పెద్దామె ఏడుస్తాంది. ఇంత సంగటి పెట్టమంటాంది. యాడ?”

“మా ఇంట్లో కాదు అయ్యగారూ. పక్కన యిస్సాకన్న వాళ్ళమ్మ.”

“ఆయప్ప అట్లాంటోడు కాదే!”

“బయటికి అందురూ మంచోళ్ళే. గోడ పక్కన ఉండేది మేము, మాకు తెల్దా? మీరే పోయి అడగండి, తినిందో లేదో.”

ఆ చివరి మాటే నన్ను చంపుతుంది. మొదటిది భయంలో నోరు జారిందనుకోవచ్చు. కానీ యిస్సాకన్న వాళ్ళమ్మకు మతి తప్పిందని, చేయి కడుక్కున్న కాసేపటికే ఏమీ తినలేదని చెబుతుందని ఆ వరుసలో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేను. తెలిసే పంపాను. ఆమె అలాగే చెప్పింది. పొద్దున్నుంచీ మెతుకు లేదంది. ఊరికి కొత్తగా వచ్చిన అయ్యగారు నమ్మారు.

ఇంకొకటి కూడా ఉంది. అయ్యగారి గొంతు వినగానే మా అత్త ఏడుపు ఆపేసింది. నాకు భయపడా? కొడుకు పరువు కోసమా? ఆకలితో ఉన్న మనిషి నా అబద్ధానికి సాయం చేసింది. ఆ రాత్రి పెట్టానా అంటే, పెట్టాను. అది జాలి కాదు, అయ్యగారు మళ్ళీ వస్తారేమోనని.

మా ఆయన పెద్ద అయ్యాడు. మంచి పెద్ద అనే అందరూ అన్నారు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. యిస్సాకన్న ఎవరితోనూ వాదించలేదు. గుడిలో వెనక వరుసకు మారాడు. అమ్మకు కూడు పెట్టనోడన్న మాట ఊరంతా పాకింది, మంచాలు చేయమని అడిగేవాళ్ళు తగ్గారు. ఏడాది తిరక్కుండా పులివెందులకు వెళ్ళిపోయారు.

బండి కదిలే ముందు ఆయన భార్య రూతమ్మ మా వాకిట్లోకి వచ్చింది. “అక్కా, మీ అవ్వకు మాపటేళ ఇంత పెట్టు. దొడ్డి గోడ మీద నుంచి ఇన్నాళ్ళూ నేను పెడతాంటి. ఇంక నేనుండను,” అంది.

అంతే. తిట్టలేదు. వాళ్ళకు అంతా తెలుసు. తెలిసీ అయ్యగారి దగ్గరికి వెళ్ళలేదు. ఇంటిని నడుపుకోవడమంటే ఏమిటో, అది ఆ గోడకు ఏ వైపు ఉందో, చదువు లేని నాకే అర్థమైంది.

మొన్న ఆదివారం సంఘపెద్దగా మా పెద్ద కొడుకు పేరు వచ్చింది. ఇప్పటి అయ్యగారు చిన్నవాడు. ఇంటికొచ్చి, “అవ్వా, మీది మొదట్నుంచీ పెద్దల ఇల్లంట గదా, మీ వాడి సంగతి నువ్వే చెప్పాల,” అన్నాడు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. నా కొడుకు నాకు వేళకు అన్నం పెడతాడు. ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నాకు గోడ కనిపిస్తుంది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగవలసినవాళ్ళు మట్టిలో కలిసిపోయారు. అయ్యగారు రేపు మళ్ళీ వస్తానన్నాడు. ఆయనకు చెప్పవలసిన మాటను ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. రాస్తుంటే ఊపిరి ఆడుతోంది.

ఆ పొద్దు ఏడ్చింది మా అత్త, అయ్యగారూ. ఈ ఇంట్లోనే. ఆకలికి.