ఆయాకు పెద్దక్షరం

ప్రసూతి వార్డులో ఆయాగా ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. పసిగుడ్డు ఏడుపు వింటే చాలు, అది ఆకలో, కడుపునొప్పో, ఉత్త పేచీయో చెప్పేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు తడిగుడ్డతోనే వంటబట్టాయి. హెడ్ సిస్టర్ రోజూ నర్సుల గది బోర్డు మీద డ్యూటీలు రాసేది, మర్నాడు ఆయా తుడిచేది. అలా తుడుస్తూ తుడుస్తూనే చదవడం పట్టుకుంది.

ఒక సాయంత్రం ఇంట్లో, బడిలో ఇంగ్లీషు చెప్పే కోడలు పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ పేజీ నిండా ఎర్రసున్నాలు చుడుతోంది.

“పాపం, ఏం తప్పు చేశారే?”

“పేర్లకి మొదట పెద్దక్షరం, అదే క్యాపిటల్, పెట్టమంటే కుర్చీకీ బల్లకీ కూడా పెట్టారత్తయ్యా. జాతి మొత్తానికి చెల్లే మాటైతే చిన్నక్షరం. ఒక్కరికే సొంతమైన పేరైతే పెద్దక్షరం.”

“మరి అత్తో?”

“‘మా అత్త మంచిది’ అని రాస్తే చిన్నదే. పేరుకి బదులు ‘అత్తా’ అని పిలిస్తే అది మీ పేరే, పెద్దది.”

“అంటే మంచిదాన్నయినప్పుడు చిన్నదాన్ని, పనిపడి పిలిచినప్పుడు పెద్దదాన్ని. బాగుందే నీ ఇంగ్లీషు!”

మర్నాడు బోర్డు చూసిన ఆయాకి ఒళ్లు మండింది. డాక్టరుకి పెద్దక్షరం, సిస్టరుకి పెద్దక్షరం. తను మాత్రం బకెట్టు, ఫినాయిలు, చీపురు సరసన చిన్నక్షరంతో ముడుచుకుని కూర్చుంది. అటూ ఇటూ చూసి, మొదటి అక్షరం చెరిపేసి, నిచ్చెనంత ‘ఎ’ రాసింది. హెడ్ సిస్టర్ గుర్రుమని దాన్ని మళ్లీ చిన్నది చేసింది. ఆ మర్నాడు పొద్దున సిస్టరు పెద్దక్షరం కూడా చిన్నదైపోయింది.

“ఎవరిదీ పని?” హెడ్ సిస్టర్ గొంతుకి పడుకున్న పసివాళ్లు ఉలిక్కిపడ్డారు.

“నాదే సిస్టరమ్మా. సిస్టర్లు ఈ వార్డులో అయిదుగురున్నారు కదా, జాతి. నేనొక్కదాన్నే ఆయాని. పేరు.”

“నాకే పాఠాలు చెప్తావా?”

అప్పుడే రౌండ్లకొచ్చిన డాక్టరమ్మ సంగతంతా విని, నవ్వాపుకుంటూ వరండాలోకి వెళ్లి “సిస్టర్!” అని కేకేసింది. ఒకరు సూది మందుతో, ఒకరు తడి చేతులతో, ఒకరు నోట్లో బిస్కెట్టుతో, మొత్తం నలుగురు పరుగెత్తుకొచ్చారు. అయిదో ఆవిడ హెడ్ సిస్టరే, అలవాటు కొద్దీ తనూ రెండడుగులు వేసి ఆగింది. తర్వాత డాక్టరమ్మ “ఆయా!” అని పిలిచింది. ఆయా ఒక్కతే నింపాదిగా నడిచొచ్చింది. డాక్టరమ్మ సుద్దముక్క తీసి ఆయాకు పెద్దక్షరం పెట్టింది, సిస్టరుకీ తిరిగి ఇచ్చేసింది.

హెడ్ సిస్టర్ అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. మర్నాడు బకెట్టుకీ పెద్దక్షరం వెలిసింది. “వార్డుకి బకెట్టూ ఒక్కటేగా!” అంది మూతి బిగించి.

ఆయా ఆ రాత్రి కోడల్ని అడిగి, పొద్దున్నే బకెట్టు తెచ్చి హెడ్ సిస్టర్ ముందు పెట్టింది. “పిలవండి సిస్టరమ్మా. పలికితే ఒప్పుకుంటా.”

హెడ్ సిస్టర్ బకెట్టు వంక చూసింది, ఆయా వంక చూసింది. పెదవి కొరుక్కున్నా నవ్వు ఆగలేదు. సుద్దముక్క ఆయా చేతిలో పెట్టి, “ఇకనుంచి నువ్వే రాసి చావు తల్లీ, నాకీ గోల వద్దు” అంది.

ఆనాటి నుంచి బోర్డు ఆయాదే అయింది. నెల తిరక్కుండా ఉయ్యాలలకు కట్టే పేర్ల చీటీలు కూడా ఆమె చేతికొచ్చాయి. పేరు పెట్టని పిల్లలందరికీ చీటీ మీద ‘బేబీ’ అనే రాయాలి. వాళ్లు పన్నెండు మంది ఉన్నారు, ఆమె వాదన ప్రకారమే అది అచ్చంగా జాతి. ఆయా పన్నెండింటికీ పెద్దక్షరమే పెట్టింది. హెడ్ సిస్టర్ కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటే చదివింది.

“ఇదేం న్యాయం? ఇంతమంది ఉన్నారుగా!”

“ఒక్కొక్కరి అమ్మని అడగండి సిస్టరమ్మా, ఎంతమందో” అంటూ ఆయా తడిగుడ్డలు పట్టుకుని చక్కా పోయింది.