కువైట్ మామ కారూ, నేనెక్కించిన పట్టీ

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో లోకంలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ప్రొద్దుటూరులో మా బావకున్న లారీ స్పేర్ పార్టుల అంగట్లో కౌంటర్ దగ్గర నిలబడేవాడిని. (నిలబడటానికి మాత్రమే పెట్టుకున్నానని ఆయన తర్వాత చెప్పాడు.) ఎవరైనా వచ్చి "అప్పా, బండికి ఎనకపక్క ఏందో శబ్దం..." అనేలోపే నా నోటి నుంచి మందు వచ్చేసేది: "కమాన్లు నీరసపడినాయి, ఇంకో పట్టీ ఎక్కించు." జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నుంచి నాపరాళ్లు మోసే లారీలకు ఆ మందు బాగానే పనిచేసేది. మోయాల్సినదానికంటే ఎక్కువ మోసే బండికి వెనక స్ప్రింగులా బరువు ఆపే కమాను కట్టలో ఇంకో ఇనప పట్టీ చేర్చడం మా వైపు అన్నంలో నెయ్యి వేసుకున్నంత మామూలు. ఒకటే మందున్న వైద్యుడికి ఎంత ధైర్యముంటుందో నాకూ అంత ఉండేది.

మా వీధిలోనే కువైట్ మామ ఉండేవాడు. బతుకులో సగం అక్కడొక షేక్ ఇంట్లో డ్రైవరుగా గడిపాడు. ఆ షేక్‌కు పాతకాలపు స్పోర్ట్స్ కారొకటి ఉండేదట. మామ దాన్ని కడిగాడు, తుడిచాడు, గుడ్డ కప్పాడు గాని, స్టీరింగు మాత్రం పట్టుకోనివ్వలేదట. ఇంటికి తిరిగొచ్చాక బెంగళూరు పోయి అచ్చం అలాంటిదే తెచ్చుకున్నాడు. ఎర్రది, రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు, నేలకు జానెడెత్తు. అత్తకు అది గిట్టేది కాదు. ఆమె మామను ఉర్దూలో తిట్టేది, నేనుంటే నాకూ అర్థం కావాలని తెలుగులో తిట్టేది. "ఇన్నేండ్లు కువైట్లో ఉన్యాడు. ఇప్పుడొచ్చి కారు కింద ఉన్యాడు. మనిషి నాకు కనపడేదెప్పుడు?"

ఆ కారుకు వెనక నుంచి టక్కుటక్కుమనే శబ్దం మొదలైంది. అత్త ఒక షరతు పెట్టింది. "పులివెందులలో మా అన్న కొడుకు పెండ్లికి దీంట్లోనే వస్తా. దోవలో సప్పుడు చేసిందా, తిరిగొచ్చినాక పాత ఇనుమోళ్లకు ఇచ్చేయల్ల." మామ సరేనన్నాడు. అని, ముఖం వేలాడేసుకుని నేరుగా నా దగ్గరకు వచ్చాడు.

"అల్లుడా, ఎనక టక్కుమంటాంది. గేరు మార్చినప్పుడు..."

"కమాన్లు మామా."

"గుంతల్లో ఏమీ అనదప్పా. గేరు మార్..."

"కమాన్లే మామా. పట్టీ ఎక్కిద్దాం."

ఎక్కించాం. కారు వెనక భాగం లేచి, పడిపోయిన సూదిని వెతుక్కునే మనిషిలా ముందుకు వంగింది. జమ్మలమడుగు దాకా పోయి చూస్తే టక్కుటక్కు పోయి గరగర వచ్చింది. మామ దారి పక్కన ఆపి తల పట్టుకున్నాడు. "ఏందప్పా ఇది? జలుబు అంటే జ్వరం తెప్పించినావు." నేను ఏ మాత్రం తొణకలేదు. కొత్త పట్టీ బిగుతుగా ఉంటుంది, బరువు పడితే సర్దుకుంటుంది అని, అక్కడే ఒక పాలిష్ ఫ్యాక్టరీలో రెండు నాపరాళ్లు అడిగి డిక్కీలో పడుకోబెట్టాను. వెనక భాగం దిగింది, శబ్దం దాదాపు పోయింది. మామ నన్ను కౌగిలించుకున్నాడు. (ఆ కౌగిలి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుంటుంది.)

పెళ్లిరోజు వాళ్లిద్దరూ కారులో, నేను వెనక మోటార్ సైకిల్ మీద బయలుదేరాం. ముద్దనూరులో టీకి ఆగినప్పుడు, ఒళ్లో పెట్టుకున్న పెళ్లి కానుకల తట్ట లోపల పెడదామని అత్త డిక్కీ తెరిచింది.

"ఏమల్లుడా, ఈ బండలేంది?"

"బరువుకు అత్తా."

"పెండ్లికి పోతాండామా, ఇల్లు కడతాండామా? చీరలు తెస్తారు, సామాన్లు తెస్తారు. మేం బండలు తెస్తిమని మావాళ్లు చెప్పుకోవల్లనా?"

మామ నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. రాళ్లు టీ కొట్టు ముందు దిగిపోయాయి, కారు వెనక మళ్లీ లేచింది. ఊరు దాటగానే గరగర మొదలైంది. మామ వెంటనే ఏదో గొడవ ఎత్తుకున్నాడు. శబ్దం పెరిగే కొద్దీ ఆయన గొంతూ పెరిగింది. కప్పు తీసి ఉండటంతో అన్నీ నాకు వినబడుతున్నాయి. తన పెళ్లిలో బిర్యానీ చాలలేదన్న సంగతి, బావమరిది చేసిన అవమానం, ఎప్పటెప్పటివో. అత్త మాటకు మాట అప్పజెబుతూనే ఉంది. పులివెందుల ఇళ్లు కనిపిస్తుండగా కారు కింద ధన్‌మని మోగింది, నిప్పురవ్వలు లేచాయి. ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు అందించే పొడవాటి షాఫ్ట్ ఒక కొస ఊడి రోడ్డు గీరుతూ వచ్చి ఆగింది.

దిగి చూశాను. షాఫ్ట్ చివర మెడలా వంగే ముక్కను మేం క్రాసు అంటాం. అది విరిగిపోయి ఉంది, లోపలి బేరింగులు తుప్పుపొడి అయ్యాయి. మొదటినుంచీ టక్కుమన్నది అదే. నేను వెనక భాగం లేపి షాఫ్ట్‌ను మరింత వంచడంతో, మూలిగే క్రాసు పూర్తిగా చచ్చింది.

"గేరు మార్చినప్పుడు అనే గదప్పా నేను చెప్పబోయింది," అన్నాడు మామ. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే తట్టుకునేవాడిని.

ఇద్దరం అత్త తీర్పు కోసం నిలబడ్డాం. ఆమె సీట్లోంచి లేవకుండా కొంగు సర్దుకుంది.

"సప్పుడు నేను ముద్దనూరు కాడ్నే ఇన్యా. ఈయప్ప ఎందుకు కొట్లాడతాండాడో కూడా తెలుసు. కువైట్ నుంచి ఫోను చేస్తే బాగుండావా, బాగుండా, అంతే. ఈపొద్దు ముద్దనూరు కాడ్నుంచి నోరు మూయలే." తలుపు మీద చెయ్యి వేసింది. "ఉండనీలే ఈ కారు." మామ ముఖం వెలిగేలోపే నా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం దీని ఎనక్కి రావద్దు."

నన్ను కారుకు కాపలా పెట్టి ఇద్దరూ ఆటో ఎక్కారు. ఆటో మలుపు తిరిగేదాకా బిర్యానీ గొడవ వినబడుతూనే ఉంది. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అటుగా పోతున్న లారీ ఒకటి నెమ్మదించింది. "ఏమైంది అప్పా, కమాన్లా?" అన్నాడు డ్రైవరు.

"తెల్దన్నా," అన్నాను.

ముప్పై దాటిన ఈ వయసులో ఆ మాట రోజూ అంటున్నాను, ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. కానీ ఎండలో, ఎటూ కదలని ఎర్ర కారులో, స్టీరింగు పట్టుకుని దర్జాగా కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే తిట్టబుద్ధి కాదు. పక్క సీటు ఖాళీగానే ఉంది కదా, పోయి కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.