ఆరో గుడ్డముక్క

తాత పిరికివాడు. ఈ మాట ఆయన ముందే అనొచ్చు, కాదనడు. నలభై ఏళ్లుగా లారీ ఇంజన్లు విప్పి బిగిస్తున్నా, లారీని తన షెడ్డు గేటు దాటించి నడిపింది లేదు. అమ్మమ్మ స్కూటరు వెనక కూర్చుంటే ముప్పై దాటగానే కళ్లు మూసుకుంటాడు.

డ్రైవర్లంతా ఆయన్ని జ్వరాల మేస్త్రి అంటారు. రిపేరు అయ్యాక ఇంజన్ని తిప్పి, థర్మామీటరు తుపాకీని ఆరు సిలిండర్ల మీదా ఒక్కొక్కటిగా గురిపెట్టి, వేడి ఎంతుందో గోడమీద సుద్దతో రాసుకునేదాకా బండిని వదలడు. ఒకటి పక్కవాటికంటే ఆరేడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే చాలు, మొహం వాడిపోతుంది. "ఒకే నీళ్లు తాగే ఆరుగురు అన్నదమ్ముల్లో ఒకడికే జ్వరమెందుకొచ్చింది?" అని ఓనర్ని నిలదీస్తాడు. ఓనరేదో ఆ జ్వరం అంటించినట్టు.

ఆ రోజు పొద్దున అల్లుడి లారీ బయల్దేరింది. దారిలో ఇనుప కడ్డీల లోడు ఎక్కించుకుని కొండదారి పట్టాలి. లారీ ఓనరుది, నడిపేది అల్లుడు, ఇంజన్ మీద మూతలా ఉండే హెడ్డు విప్పి కింద గ్యాస్కెట్ మార్చింది తాత. పదకొండింటికి అమ్మమ్మ షెడ్డు వెనక కుళాయి దగ్గర మసిగుడ్డలు ఉతుకుతోంది.

"ఏవండీ, ఐదే ఉన్నాయి."

"ఏంటి ఐదు?"

"గుడ్డలు. నా పాత చీర చింపి ఆరు ముక్కలిచ్చాను. ఒకటి గానీ మింగేశారా?"

తాత నవ్వలేదు. చేతిలో స్పానరు నేలమీద పడింది. హెడ్డు విప్పినప్పుడు గీకిన మసి లోపల పడకుండా, ఇంజన్లోని నీటి దారుల్లో గుడ్డలు కుక్కుతాడు. బిగించేముందు తీసేస్తాడు. ఆరు కుక్కాడు. ఐదు తీశాడు.

షెడ్డంతా వెతికారు. బల్ల కింద, డబ్బాల్లో, చివరికి చెత్తబుట్ట తిరగేసి కూడా చూశారు. లేదు.

"పొద్దున సుద్దతో రాశారుగా, అన్నీ సమానంగానే ఉన్నాయన్నారు," అంది అమ్మమ్మ.

"ఖాళీ బండి, నిలబెట్టి తిప్పాను. అప్పుడేం తెలుస్తుంది? లోడుతో ఎక్కుడు ఎక్కితే తెలుస్తుంది." అన్నాడు తాత. "వాడి ముందున్న మీటరు ముల్లు ఇంజన్ ముందువైపు నీళ్ల వేడే చెబుతుంది. వెనకాల ఆరోది మాడిపోతున్నా అది నడిమధ్యనే నిలబడుంటుంది. కొండమీద ఇంజన్ పట్టేసిందంటే, వెనక అంత ఇనుము..."

ఫోను చేశారు. అల్లుడు ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోనెత్తొద్దని ఒట్టు వేయించుకున్నది తాతే.

అమ్మమ్మ స్కూటరు తీసింది. తాత తుపాకీని ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ముప్పై దాటింది, నలభై దాటింది.

"మెల్లగా వెళ్లనా?" అంది అమ్మమ్మ అలవాటుగా.

"ఇంకా తొక్కవే," అన్నాడు తాత. కళ్లు మాత్రం మూసుకునే ఉన్నాడు.

కొండ మొదట్లో లారీల్ని తూకం వేసే చోటుంది. అక్కడ వరుసలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అమ్మమ్మ ఒక్కో లారీ వెనక నంబరు పైకి చదువుతుంటే, తాత ఒక్కోదానికీ కాదు కాదు అంటూ వచ్చాడు. ముందునుంచి రెండోది అల్లుడిది.

"మామయ్యా, మీరేంటి ఇక్కడ? ఇందాకే ఫ్లైఓవర్ ఎక్కి దిగాను, ముల్లు నడిమధ్యనే ఉంది, బంగారంలా నడుస్తోంది."

"బండి పక్కకి తియ్యి. ఇంజన్ ఆపకు."

బానెట్ ఎత్తి గురిపెట్టాడు. ఎనభై ఆరు. ఎనభై ఐదు. ఎనభై ఏడు. ఎనభై ఏడు. తొంభై. ఆరోది నూట ఇరవై మూడు.

అల్లుడి మొహంలో నెత్తురు లేదు. నీళ్ల క్యాను అందుకుని పరుగున వచ్చాడు. తాత వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"చన్నీళ్లు పడితే హెడ్డు చీలుతుంది. ఇంజన్ ఆపితే ఆ కాస్త నీళ్లూ కదలవు, అక్కడే మరుగుతాయి. మెల్లగా తిరగనీ. వేడి తనంతట తనే దిగాలి."

తాత చేతిలోని తుపాకీ వేసే ఎర్రచుక్క ఒకచోట నిలవడం లేదు. అమ్మమ్మ తుపాకీ లాక్కుని తనే గురిపెట్టి చదివింది. నూట పద్దెనిమిది. చాలాసేపు నూట పద్దెనిమిదే. తాత రేడియేటర్ పైపుకి చెవి ఆనించాడు, ఉడుకుతున్న చప్పుడేమైనా వస్తుందేమోనని. నూట తొమ్మిది. నూట ఒకటి. వెనక లారీలవాళ్లు హారన్లు కొడుతున్నారు, ఒకడు తిడుతున్నాడు కూడా. తొంభై నాలుగు.

"ఇప్పుడు ఆపు," అన్నాడు తాత.

ఇంజన్ ఆగింది. అల్లుడు కొండవైపు చూశాడు. మొదటి మలుపు అక్కణ్ణుంచే కనిపిస్తోంది.

"ఏమైంది మామయ్యా?"

"నా గుడ్డ లోపలుంది."

అల్లుడు ఓనరుకి ఫోను కలిపాడు. "సార్, నీళ్ల పంపు ఏదో..." అని మొదలుపెట్టాడు. తాత ఫోను లాక్కున్నాడు.

"పంపు కాదండీ. గుడ్డ లోపల మర్చిపోయి బిగించాను. తప్పు నాది. లోడు వేరే బండిలోకి మార్చండి, మళ్లీ విప్పి నేనే చేస్తాను."

ఓనరు అందుకున్నాడు. ఆయన తిట్లు పక్కనున్న అమ్మమ్మకి కూడా వినిపిస్తున్నాయి. తాత అలాగేనండీ, అవునండీ అంటూ అన్నీ వింటున్నాడు. రెండో చేత్తో అల్లుడి చొక్కా కొస పట్టుకున్నాడు. అల్లుడు ఆ క్యానులో నీళ్లే తాగుతున్నాడు, చొక్కా విడిపించుకోకుండా.