నడుమా, పిడికిలా?

ఆ రోజు ముందుగా ఓడిపోయింది నా నడుమా, పిడికిలా? ఇరవై ఏడేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. సైదాబాద్‌లో మా బావి గట్టు మీంచి లోపలికి జారిన తమ్ముడి చేతిని వంగి పట్టుకున్నాను. పెద్దవాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి నా చేతిలో వాడు లేడు.

ఈ రోజు నడుంనొప్పితో ఫలక్‌నుమాలో బెణుకులకూ నొప్పులకూ వైద్యం చేసే ఒక పహిల్వాన్ ఇంటికి వెళ్లాను. ఆడవాళ్లను ఆయన భార్యే చూస్తుంది. ఆమెను అందరూ ఖాలా, అంటే పిన్ని, అంటారు. బరువు మోసేటప్పుడు ఒంట్లో ముందు ఏది ఓడితే దాని కసరత్తుతోనే మొదలుపెట్టడం వాళ్ల కుస్తీ తాలీం పద్ధతి. ఖాలా నన్ను ఇసుక బకెట్ ఎత్తి పట్టుకోమంది. కాసేపటికి వదిలేశాను.

“కమర్ పట్టేసిందా, పిడికిలి జారిందా బేటీ?”

“తెలియలేదు ఖాలా.”

“ఏంది? కాలేజీల పాఠాలు చెప్తవ్, నీ పెయ్యి సంగతి నీకే తెల్వదా?”

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఖాలా నా అరచెయ్యి తిప్పి చూసింది.

“ఎర్రగ గూడ కాలే. నువ్వు ఓడలే బేటీ, ఇడిసిపెట్టినవ్,” అంది.

రేపటి నుంచి కసరత్తు నడుముకా, పిడికిలికా అన్నది ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. మీరైతే అడిగేవారా? ఆ రోజు వాడి చెయ్యి జారిందో, నేనే వదిలేశానో నాకు ఇప్పటికీ తేలలేదు.