సీతాలు కళ్ళలో నీలం

ఈ రోజుకీ నా తెల్లచీరలు నేనే నీలిమందు నీళ్ళలో ముంచి పిండుకుంటాను. మిషనుంది కదా అని కోడలు సణుగుతుంది గానీ, రెండు చీరలకు అంత కరెంటు దండగ. పిండిన చీర విప్పినప్పుడు తెలుపు మీద పలచటి నీలం తేలుతుందే, అది కనబడితే మాత్రం ఇప్పటికీ చూపు తిప్పుకుంటాను. సీతాలు కళ్ళు అవి. నల్లగుడ్డు అందరిలాంటిదే, తెల్లగుడ్డు నీలం.

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధం రోజులు. మాచర్ల దగ్గర మా ఊళ్ళో ఎండాకాలమంతా నాపరాళ్ళ అరుగులు పెనంలా కాలేవి, దొడ్లలో మిరపకాయల ఘాటు, పొయ్యిల్లో పత్తికట్టె చిటపటలు. మేం తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే, పక్కింటి సీతాలు వంకరకాలు చాపుకుని గోడవార కూర్చునేది. ఊరికే తూలి పడ్డా దాని ఎముక ఎండిన పత్తికట్టెలా పుటుక్కుమనేది. ఆ చప్పుడు నేనొకసారి విన్నాను. ఆ కళ్ళు పడితే మన ఎముకలూ విరుగుతాయని ఎవరం దాని ముఖంలోకి చూసేవాళ్ళం కాదు.

దానికి తమ్ముడు పుట్టాడు. వీధిలో పసిబిడ్డలందరికీ మా నాయనమ్మే నీళ్ళు పోసేది. రాతిమీద కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా వేసుకుని, ఆముదం రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి మెలేసేది. ఆ రోజు సాంబ్రాణి పొగలో ఆమె బిడ్డ కాలు పట్టుకుందో లేదో, సీతాలు గోడ పట్టుకుని వచ్చింది.

“అవ్వా, లాగమాక. ముందు ఆడి కళ్ళు చూడు.”

“ఏందే నీ గోల? పక్కకి జరుగు, నీళ్ళు పడతయ్.”

“నాకు నువ్విట్టా లాగినప్పుడేనంట మొదట ఇరిగింది. అమ్మనడుగు.”

మంచం మీద వాళ్ళమ్మ రత్తమ్మ పిన్ని తల ఎత్తలేదు.

నాయనమ్మ చేయి ఆగింది. బిడ్డను వెల్లకిలా తిప్పి, బొటనవేలితో రెప్ప ఎత్తింది. పొగలోంచి ఆ నీలమే మమ్మల్ని చూస్తోంది. అప్పుడు రత్తమ్మ పిన్ని తలెత్తింది. ఎప్పుడూ తల వంచుకునే ఉండే ఆమె కళ్ళలోకి, బుద్ధెరిగాక నేను చూడటం అదే మొదలు. అవీ నీలమే.

గట్టి మనిషి మా నాయనమ్మ, ఆముదం చేతులు కొంగుకు తుడుచుకుంది. దూది తడిపి, బిడ్డ ఒంటిమీద నీళ్ళు బొట్లుబొట్లుగా వదిలింది. పుటుక్కుమంటుందేమోనని అందరం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. అనలేదు.

అది పెళుసు ఎముకలతో పుట్టే జబ్బనీ, కన్నవాళ్ళ నుంచి బిడ్డలకు దిగుతుందనీ, తెల్లగుడ్డు పలచనై నీలంగా కనిపిస్తుందనీ చాలా ఏళ్ళకు ఒక డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేవాళ్ళు లేరు, ఆ రాయీ లేదు, సీతాలూ లేదు. మనవళ్ళ పిల్లల్ని నా ఒళ్ళో పెట్టి, ఎవరి పోలికో చెప్పమంటారు. ముక్కు తర్వాత చూస్తాను. ముందు కిటికీ వెలుతురుకు తీసుకెళ్ళి, రెప్ప ఎత్తుతాను.