పదేళ్లు నిండితే చాలట

నిండు గ్యాస్ సిలిండరు ఒకటి. మిక్సీ, దాని మూడు జార్లలో రెండు. మూడోది కడిగి బోర్లించి ఉండటంతో దొంగ కంట పడలేదు. టేబుల్ ఫ్యాను. మా అమ్మాయి పేరు చెక్కించిన స్టీలు గ్లాసు. ఒంటరిగా ఉండటానికి మా అమ్మాయికి ఉన్న ధైర్యం. మొత్తం ఇవీ పోయినవి.

లెక్కలు నేను గోదాములో సరుకు దింపించుకుంటూ సొంతంగా నేర్చుకున్నాను. మా బావకి, అంటే నా భార్య అన్నకి, తెలిసిన అంకె ఒక్కటే. పది. జంషెడ్‌పూర్‌లోనే టెల్కో కాలనీ నుంచి ఆదివారం కాసిడీహ్‌లో మా ఇంటికి వచ్చి, మా చేపల పులుసు తింటూ తీర్పు చెప్పాడు.

"పదేళ్లు నిండాయి కదేటి? ఇంకా పక్కింట్లో దించడవేటి? మా పిల్లలు ఎనిమిదేళ్లకే తాళాలు తీసుకున్నారు."

నిజమే. అప్పుడు ఆ ఇంట్లో వాళ్ల నాయనమ్మ ఉండేది. ఆవిడను ఆయన మనిషి కింద లెక్క వేయలేదు.

మా ఆవిడ సాక్చీలో బట్టల షాపులో పనిచేస్తుంది. బడి వదిలాక నేను వచ్చేదాకా పిల్ల రెండు గంటలు ఒంటరిగా ఉండాలి. గ్యాసు నాబ్ కట్టేయడం, గడియ పెట్టడం, మా ఫోన్ నంబర్లు నేను నేర్పాను. దొంగ వేషం బావ వేశాడు. బయట నిలబడి గొంతు మార్చి, కరెంటువాణ్ణి తలుపు తియ్యమని హిందీలో, "దర్వాజా ఖోలో, బిజ్లీవాలా హూఁ" అనేవాడు. పిల్ల లోపలి నుంచి తడుముకోకుండా, నాన్న స్నానం చేస్తున్నాడు తర్వాత రమ్మని హిందీలోనే, "పాపా నహా రహే హైఁ, బాద్ మే ఆనా" అనేది.

"శభాష్! మనోలు తెలుగులో పిలిస్తే మాత్రం తలుపు తియ్యాల, అమ్మీ. మంచినీళ్లియ్యాల. లేపోతే పరువుండదు" అని ముగించాడు. ఆయన లెక్కలో దొంగలందరూ హిందీలోనే పుడతారు.

వారం తిరక్కుండా ఒకడు వచ్చి తెలుగులో పిలిచాడు. "అమ్మీ, మీ నాన్న నాకు తమ్ముడవుతాడు. గొంతెండిపోతంది, కాసిన్ని నీళ్లియ్యవా?" పిల్ల తలుపు తీసింది. నీళ్లు తాగి, సిలిండరు మార్పించమనీ, మిక్సీ, ఫ్యానూ బాగుచేయించమనీ నాన్నే పంపాడన్నాడు. సిలిండరు బయటకు పోయేలా పిల్ల తలుపు పట్టుకుని నిలబడింది. "బాగా సదువుకో తల్లీ" అని దీవించి, గ్లాసు కూడా పట్టుకుపోయాడు.

సాయంత్రం బావ వచ్చి, పిల్ల ఎదుటే, "ఈ గుంటకి బుర్ర లేదు" అన్నాడు.

"మీరే కదా తియ్యమన్నారు, మావయ్యా?"

"ఆడు మనోడు కాడే! ఎక్కడో నేర్సుకున్న తెలుగది."

పిల్ల వాడి మాటలు అప్పజెప్పగా నేను విన్నాను. అది అచ్చమైన శ్రీకాకుళం యాస. జంషెడ్‌పూర్‌లో పుట్టిన మా బావే అంత చక్కగా మాట్లాడలేడు.

పిల్ల మళ్లీ పక్కింటికి వెళ్లింది. ఈసారి నేను ఎన్నాళ్లని గడువు పెట్టలేదు. చాన్నాళ్ల తర్వాత, "రేపట్నుంచి ఇంట్లోనే ఉంటాను నాన్నా" అని తనే అంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఎండలో, బావ చెప్పకుండా వచ్చాడు. నేను వచ్చేసరికి చొక్కా తడిసి, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మావయ్యనే, తియ్యవే అంటే పాపా నహా రహే హైఁ అంటంది. నువ్వు గోదాములో ఉన్నావని నాకు తెలీదేటి? నీ కూతురికి పెద్దోలంటే లెక్కలేదు!"

"లెక్క ఇప్పుడే వచ్చింది బావా" అన్నాను. నా గొంతు విని పిల్ల ముందు కిటికీలోంచి చూసింది, తర్వాత గడియ తీసింది. ఆయనకు మంచినీళ్లు కూడా ఇచ్చింది, కొత్త గ్లాసుతో.

సిలిండరు, మిక్సీ, ఫ్యాను మళ్లీ కొన్నాం. ధైర్యం పిల్ల తనే తెచ్చుకుంది. సిలిండరు డబ్బు ఇస్తానని బావ జేబులో చెయ్యి పెట్టాడు, అక్కర్లేదన్నాను. ఆయన ఇవ్వాల్సింది నాకు కాదు. "తప్పు నాదే తల్లీ" అని పిల్లతో అనాలి. మూడు మాటలు. ఆదివారాలు వస్తున్నాడు, పులుసు తింటున్నాడు. ఇవాళ్టికీ బాకీ ఆ మూడే.