దుమ్ములో వినిపించిన ‘రా’

2022 మే నెల. షుఐబాలోని ఒక పైపుల ఫ్యాక్టరీలో నేను లోకో డ్రైవర్‌ని. కువైట్‌లో రైలెక్కడిదని ఇక్కడివాళ్లే నవ్వుతారు. యార్డు నుంచి ఓడలు ఆగే జెట్టీకి పైపులు చేర్చడానికి పాత యజమానులు ఎప్పుడో వేసిన లైను అది. ట్రైలర్లు వచ్చాక సగం ఇసుకలో కలిసిపోయింది. మిగిలిన ముక్క మీద చిన్న డీజిల్ ఇంజను, నాలుగు వ్యాగన్లు, ఇద్దరు మనుషులం: నేను, రాయచోటి ఖాదర్.

జెట్టీకి వెళ్లేటప్పుడు ఇంజను వెనకుండి వ్యాగన్లను తోస్తుంది. డ్రైవర్‌కు ముందేముందో కనపడదు. పాయింట్స్‌మన్‌గా ఖాదర్ ముందు నడిచి, పాయింట్లు, అంటే లైను మారే చోటు, చూసుకుని వాకీటాకీలో రమ్మంటేనే నేను కదలాలి.

ఆ రోజు ఉదయం పదింటికి దుమ్ము లేచింది. ఎదురుగా ఉన్న వ్యాగన్ కూడా మాయమైంది. ఖాదర్ అప్పటికే పాయింట్ల దగ్గరికి వెళ్లాడు. బండి ఆపి కూర్చున్నాను. ఊపిరాడటం లేదు, ఎలాగైనా అక్కడి నుంచి బయటపడాలనిపించింది. వాకీటాకీ గరగరల మధ్య ‘‘రా, రా, వచ్చేయ్’’ అని వినపడగానే బ్రేకు వదిలాను.

చక్రం ఒక చుట్టు తిరిగిందో లేదో, ఆ పిలుపులో ‘అన్నా’ లేదని తట్టింది. ఖాదర్ నన్ను ‘అన్నా’ అనకుండా ఏనాడూ మాట్లాడలేదు. బ్రేకు గుంజాను.

‘‘ఖాదరూ, యాడుండావురా?’’

ఖాదర్‌కు బదులు సూపర్‌వైజర్ గొంతు వచ్చింది. ‘‘క్యోం రుకా? యల్లా!’’ ఎందుకాగావు, పద అని గదమాయింపు.

‘‘ఆద్మీ నహీ దిఖ్‌తా, సార్. నహీ చలాయేగా,’’ అన్నాను, మనిషి కనపడందే బండి నడపనని.

ఇంజను తాళం తీసి జేబులో వేసుకుని, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి దిగాను. వ్యాగన్లు తడుముకుంటూ నడిచాను. చక్రాల కిందికి చూడాలంటే భయం, చూడకుండా దాటాలంటే ఇంకా భయం. నాలుగో వ్యాగన్ చివర దగ్గు వినపడింది.

రెండు బారల దూరంలో, పట్టాల మధ్య ఖాదర్ కూలబడి ఉన్నాడు. బూటు పాయింట్ల సందులో ఇరుక్కుంది. వాకీటాకీ ఎక్కడో పడిపోయింది.

‘‘కదిలియ్యొద్దన్నా! ఎంత లాగినా లేసు ఊడల్యా.’’

‘‘నిలబెట్నాలేరా. తాళం నా దగ్గరే ఉండాది.’’

లేసు కోసి కాలు బయటికి లాగాను. తర్వాత తెలిసింది, ఆ ‘రా’ పక్క షెడ్డులో మరో తెలుగతను తన క్రేను ఆపరేటర్‌తో అన్న మాట. ఆ రోజు అతని వాకీటాకీ పొరపాటున మా ఛానల్లో ఉంది.

ఆగినందుకు అందరూ నన్ను మెచ్చుకున్నారు. సాయంత్రం మేముండే క్యాంపులో ఖాదర్ మెల్లగా అడిగాడు. ‘‘అన్నా, బండి కదిలినట్టుండె. నిజమేనా?’’

‘‘నిజమే. నేనే కదిలించినా.’’

‘‘రేపట్నుంచి నా పేరు చెప్పి పిలుస్తా. నువ్వు తిరిగి నా పేరు చెప్పినాకే కదులు,’’ అన్నాడు.

ఇప్పుడు మా లైను మీద అదే రూలు. కొత్త డ్రైవర్లకు నేర్పేటప్పుడు నేను బ్రేకు గుంజిన సంగతి కన్నా ముందు, వదిలిన సంగతి చెబుతాను. భయంలో ఉన్న మనిషి చెవి తనకు కావలసిన మాటనే వింటుంది.